సర్వపిండి ఎలా చేయాలి? అడుగు మాడకుండా, నడుమ పచ్చి లేకుండా

వంట మాట ఎత్తితే చాలు, వరంగల్ వాళ్లను బయటి ఊళ్ల చుట్టాలు అడిగేది ఒకటే: "సర్వపిండి మీ దగ్గర అంత బాగుంటుంది, మేము చేస్తే ఎందుకు కుదరదు?" బియ్యప్పిండిని కారం, పప్పులతో కలిపి, గిన్నె అడుగున ఒత్తి కాల్చే వంటకం ఇది. ఒకరికి గిన్నెకు అంటుకుపోతుంది. ఒకరికి అంచులు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. ఇంకొకరిది కొరికితే పళ్లు కదిలేంత గట్టి. వాళ్లు వాడే సరుకుల్లో తప్పేమీ ఉండదు. బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం ఎక్కడైనా దొరికేవే. తేడా వచ్చేది మూడు చోట్ల: పిండిలో తడి, ఒత్తే మందం, పొయ్యి మీద మంట. అడిగిన ప్రతిసారీ ఫోన్‌లో సగం చెప్పి సగం వదిలేయడం కంటే ఒకసారి పూర్తిగా రాసిపెడితే మేలనిపించింది.

ఇందులో నా ఇష్టాయిష్టాలు కూడా కలిసే ఉంటాయి. నాకు సర్వపిండి అంటే అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి, ఎల్లిపాయ (వెల్లుల్లి) వాసన ముక్కుకు తగలాలి. రెండు వైపులా తిప్పి కాల్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నచ్చితే మంచిదే, కానీ దాన్ని నేను రొట్టె కిందే లెక్కేస్తాను. సాయంత్రం సర్వపిండి చేస్తే ఆ పూట ఇంకో వంట పెట్టుకోను. నాలుగు రకాలు చేసి నాలుగూ చల్లారిపోయాక తినే కంటే, ఒక్కటే చేసి పొయ్యి పక్కనే వేడివేడిగా తినడం నా పద్ధతి.

కరీంనగర్ వైపు దీన్నే గిన్నెప్ప అంటారు. పేరు మారినా చేసే తీరు దాదాపు ఇదే.

కావలసినవి

ఈ కొలత 7 లేదా 8 అంగుళాల సర్వపిండి నాలుగింటికి సరిపోతుంది. గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు పట్టేది. చెంచా అంటే టీ చెంచా.

- బియ్యప్పిండి: 2 గ్లాసులు
- శనగపప్పు: 3 చెంచాలు, గంట ముందు నానబెట్టినది
- పల్లీలు: పావు గ్లాసు
- నువ్వులు: 3 చెంచాలు
- కారం: ఒకటిన్నర నుంచి 2 చెంచాలు
- ఉప్పు: ఒకటింపావు చెంచా
- జీలకర్ర: 1 చెంచా
- ఎల్లిపాయ రెబ్బలు: 8 నుంచి 10
- కరివేపాకు: 2 రెమ్మలు
- ఉల్లిపొరక (ఉల్లికాడలు), కొత్తిమీర: సన్నగా తరిగి, రెండూ కలిపి ఒక గ్లాసు
- గోరువెచ్చని నీళ్లు: ముప్పావు గ్లాసుతో మొదలుపెట్టాలి, మొత్తం ఒక గ్లాసు దాటకపోవచ్చు
- నూనె: పిండిలోకి 1 చెంచా, ఒక్కో సర్వపిండికి 3 నుంచి 4 చెంచాలు

పిండి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. గిర్నిలో పట్టించిన పొడి పిండి అయితే మంచిది. మరీ మెత్తని ప్యాకెట్ పిండితో చేస్తే అడుగు కరకర తక్కువగా వస్తుంది. అదే వాడాల్సి వస్తే 2 చెంచాల బొంబాయి రవ్వ కలపండి. గిర్నికి పోయినప్పుడు మీకంటే ముందు ఎవరైనా కారం గానీ పసుపు గానీ పట్టించారేమో అడగండి. పట్టించి ఉంటే మొదట వచ్చే గుప్పెడు పిండిని వేరే డబ్బాలోకి తీసేయమనండి. బియ్యం దొడ్డువైనా పర్వాలేదు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, వాటితోనూ కుదురుతుంది. నాకు మాత్రం పాత దొడ్డు బియ్యం పిండే ఇష్టం. అది నీళ్లు బాగా లాగుతుంది, అడుగు గట్టిగా కాలుతుంది. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడిగానే పట్టించిన పిండి అయితే నీళ్లు సగమే పోయండి.

కారం సంగతి. తేజ రకం మిర్చి కారం ఘాటుగా ఉంటుంది, ఒకటిన్నర చెంచా చాలు. చపాట మిర్చి కారానికి రంగు ఎక్కువ, మంట తక్కువ. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అందరికీ తెలిసింది గానీ, ఇక్కడి ఇళ్లలో పచ్చళ్లకూ తొక్కులకూ ఎప్పటి నుంచో వాడుతున్నదే. నేను రెండూ కలుపుతాను: ఒక చెంచా చపాట, ముప్పావు చెంచా తేజ. ఎండాకాలం మొదట్లో ఎనుమాముల మార్కెట్ నిండా మిర్చి బస్తాలు ఉన్నప్పుడే ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి పట్టించుకుంటే కారం డబ్బా గురించి మళ్లీ టెన్షన్ ఉండదు.

గిన్నె ఏది?

పాతకాలం ఇత్తడి సర్వ ఉంటే అదృష్టవంతులు. లేకపోతే మందపాటి అడుగున్న సిల్వర్ గిన్నె, ఇండాలియం మూకుడు, ఇనుప మూకుడు, ఏదైనా సరే. అడుగు కాస్త గుండ్రంగా, గోడలు లోతుగా ఉంటే మంచిది. పిండి గోడ మీదికి ఎక్కిన చోట పలచగా కాలుతుంది, ఆ అంచు కోసమే మా ఇంట్లో పోటీ. పలచని స్టీలు గిన్నె మాత్రం వద్దు. మంట తగిలిన చోట మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది.

ఇత్తడి సర్వ వాడేవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరం పూత, తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కాబట్టి ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టి కాగనివ్వొద్దు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు, మజ్జిగ, టమాట తగలనివ్వొద్దు.

ఈ వంటకు మూత కచ్చితంగా కావాలి. వీలైతే ఒకే కొలత గిన్నెలు రెండు పెట్టుకోండి, ఎందుకో కింద చెబుతాను.

చేసే విధానం

1. పప్పు నానబెట్టండి. శనగపప్పుకు గంట. గోటితో నొక్కితే రెండుగా విరగాలి, మధ్యలో తెల్లని గట్టి చుక్క కనిపించకూడదు. గంట టైం లేకపోతే వేడినీళ్లు పోసి అరగంట ఉంచండి, లేదా శనగపప్పు బదులు పెసరపప్పు వేయండి. అది అరగంటలో నానుతుంది, రుచి కాస్త తియ్యగా మారుతుంది.

2. పల్లీలు వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచండి. ఒక్కో గింజ మూడు నాలుగు ముక్కలైతే చాలు. పొడి చేస్తే పిండి నూనె నూనెగా అయి విరుగుతుంది. గింజలు అలాగే వేస్తే ఒత్తేటప్పుడు పిండి వాటి చుట్టూ చీలుతుంది. చిన్నపిల్లలకు పెట్టేదైతే మాత్రం మెత్తగా పొడి చేయాల్సిందే, ముక్క గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంటుంది. పల్లీలు పడనివాళ్లు పుట్నాలు దంచి వేసుకోవచ్చు.

3. రోట్లో ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు, కారం, సగం కరివేపాకు వేసి ముద్దగా దంచండి. మిక్సీలో వేస్తే మరీ మెత్తగా తిప్పకండి. చాలామంది అల్లం వెల్లుల్లి పేస్ట్ వేస్తారు. నేను అల్లం వేయను, దాని ఘాటు నువ్వుల వాసనను మింగేస్తుంది. ఇది నా నాలుక సంగతి, మీ నాలుక ఎలా చెబితే అలా చేయండి.

4. వెడల్పాటి తాంబాళంలో బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, వడగట్టిన పప్పు, దంచిన ముద్ద, మిగిలిన కరివేపాకు, ఉల్లిపొరక, కొత్తిమీర వేసి చేత్తో బాగా కలపండి. నీళ్లు ఇప్పుడే వద్దు. ఒక చెంచా నూనె కాస్త వేడి చేసి పోసి, పిండిని అరచేతుల మధ్య రుద్దండి. అయిదు నిమిషాలు పక్కన పెట్టండి. ఉప్పుకు ఉల్లిపొరక, కొత్తిమీర తడి వదులుతాయి. ఆ తడి చూశాకే ఎన్ని నీళ్లు పట్టేదీ తెలుస్తుంది. ఈ అయిదు నిమిషాలు ఆగని వాళ్ల పిండే తర్వాత జారుడుగా అవుతుంది.

5. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. పిండి చపాతీ పిండి కంటే మెత్తగా, గారెల పిండి కంటే గట్టిగా ఉండాలి. నిమ్మకాయంత ఉండ చేసి బొటనవేలితో నొక్కి చూడండి. అంచులు చిన్నగా పగిలి మళ్లీ చేత్తో సర్దితే కలిసిపోవాలి. పెద్ద పగుళ్లు వస్తే ఇంకో రెండు చెంచాల నీళ్లు. వేలికి జిగురుగా అంటుకుంటే రెండు చెంచాల పొడి పిండి. కలిపాక తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత చిటికెడు పిండి నాలుక మీద వేసుకుని ఉప్పు చూడండి. పచ్చి పిండిలో ఉప్పు ఒక్క పిసరు ఎక్కువ అనిపించాలి, కాలాక సరిపోతుంది.

6. చల్లని గిన్నెలో ఒక చెంచా నూనె వేసి అడుగుకూ, గోడల మీద మూడు వేళ్ల ఎత్తు వరకూ పూయండి. చల్లని గిన్నె అన్నది మరవొద్దు. వేడి గిన్నెలో పిండి పెడితే తగిలిన చోటల్లా అంటుకుని, ఒత్తడానికి రాదు, చెయ్యి కాలుతుంది.

7. పిండిలో నాలుగో వంతు తీసుకుని ఉండ చేసి గిన్నె మధ్యలో పెట్టండి. వేళ్లు నీళ్లలో తడుపుకుంటూ మధ్య నుంచి బయటికి ఒత్తండి. అరచేత్తో అదిమితే మధ్యలో మందంగా మిగిలిపోతుంది, నాలుగు వేళ్ల కొసలతో తోయాలి. మందం చిటికెన వేలి మందంలో సగానికి మించొద్దు. గోడ దగ్గర ఇంకా పలచగా.

8. వేలితో రంధ్రాలు పెట్టండి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. గిన్నె అడుగు కనిపించేదాకా వేలు దింపి కొద్దిగా తిప్పాలి. రంధ్రం గోడ వైపు చూస్తే పిండి ఎంత మందంగా ఉందో అక్కడే తెలిసిపోతుంది. ఒక రంధ్రం లోతుగా, ఇంకోటి పలచగా కనిపిస్తే లోతుగా ఉన్న చోట మళ్లీ ఒత్తి సరిచేయండి. పొయ్యి మీద పెట్టాక ఈ అవకాశం ఉండదు. ప్రతి రంధ్రంలో నాలుగైదు చుక్కల నూనె, అంచు చుట్టూ ఒక చెంచా నూనె వేయండి. నూనె ఆ రంధ్రాల గుండానే అడుగుకు చేరుతుంది, లోపలి ఆవిరి కూడా అక్కడి నుంచే పైకి వస్తుంది.

9. మూత పెట్టి మధ్యస్థంగా ఉన్న మంట మీద రెండు నిమిషాలు ఉంచి, తర్వాత సిమ్‌లో పెట్టేయండి. అక్కడి నుంచి ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. గడియారాన్ని మరీ నమ్ముకోవద్దు, చెవినీ ముక్కునూ నమ్మండి. మొదట గట్టిగా చిటపటలాడుతుంది, అది నీళ్లు ఆవిరయ్యే చప్పుడు. కాసేపటికి చప్పుడు సన్నబడుతుంది. నాలుగైదు నిమిషాలకు ఒకసారి మూత తీసి, దాని లోపలి నీటి చుక్కలను గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. ఆ నీళ్లు మళ్లీ పిండి మీద పడితే పైన బంకగా తయారవుతుంది. గిన్నెను పటకారుతో పట్టి నాలుగు వైపులా కొద్దికొద్దిగా వంచుతూ, ఒక్కో వైపు ఒక నిమిషం మంట చూపండి. అంచులు ఎర్రగా రావాలంటే ఇదొక్కటే దారి.

10. చప్పుడు దాదాపు ఆగి, వేగిన నువ్వుల వాసన వచ్చాక మూత తీసేసి ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. పొయ్యి మీంచి దించి ఒక నిమిషం ఆగండి. అంచు దానంతట అదే గోడను వదులుతుంది. అప్పుడు పలచని అట్లకాడ అంచు కిందికి పోనిచ్చి చుట్టూ తిప్పి, గిన్నెను పళ్లెంలోకి వంచండి.

వదలకపోతే గీకొద్దు. మా పెద్దమ్మ ఇప్పటికీ నన్ను చూసి అనే మాట: "తొందరపడకు కొడుకా, కాలినంక అదే వదులుతది." అది నిజం. అంటుకుంది అంటే చాలాసార్లు అర్థం ఇంకా కాలలేదని. అంచు వెంట అర చెంచా నూనె వేసి, మళ్లీ సిమ్‌లో రెండు నిమిషాలు పెట్టి చూడండి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

పైభాగం మీద వేలు పెడితే అంటుకోకూడదు, తెల్లని పచ్చి పిండి రంగు పోయి కాస్త మసకగా మారి ఉండాలి. అడుగు తిప్పి చూస్తే మొత్తం ఒకే రంగు రాదు. బంగారు రంగు మీద అక్కడక్కడా ముదురు ఎరుపు మచ్చలు ఉంటాయి, అలాగే ఉండాలి. గోటితో అడుగు మీద కొడితే టకటకమనాలి. మధ్యలో విరిచి చూస్తే లోపల తడి గీత కనపడకూడదు. పప్పు గింజ ఒకటి తీసి నమలండి, కటుక్కుమంటే నానడం చాలలేదు.

మొదటిది వండినవాళ్లే తినాలి

ఈ మాట అంటే మా ఇంట్లో పెద్దవాళ్లకు అంతగా నచ్చదు. అందరికీ పెట్టాక, చివర మిగిలింది వండినవాళ్లు తినడం మన ఇళ్లలో అలవాటు. సర్వపిండి విషయంలో ఆ అలవాటు రుచికి కూడా నష్టమే. మొదటిది తిని చూస్తేనే మిగతా మూడింటికి ఏం మార్చాలో తెలుస్తుంది. ఉప్పు చాలలేదా? మిగతా పిండి మీద చిటికెడు చల్లి, తడిచేత్తో మళ్లీ కలపండి. కారం ఎక్కువైందా? రెండు చెంచాల బియ్యప్పిండి, ఒక చెంచా నువ్వులు, కాసిన్ని నీళ్లు కలిపితే తగ్గుతుంది. అడుగు మాడి పైన పచ్చిగా ఉందా? తర్వాతిది ఇంకా పలచగా ఒత్తి, సిమ్‌లోనే మొదలుపెట్టండి. కాబట్టి పొయ్యి దగ్గరే నిలబడి, మొహమాటం లేకుండా మొదటిది తినేయండి. ఇంటికి చుట్టాలు వచ్చిన రోజైతే కనీసం నాలుగో వంతు విరిచి చూసుకోండి.

రెండోది వేసే ముందు

గిన్నె చల్లబడాలి. ఇత్తడి సర్వనైనా సిల్వర్ గిన్నెనైనా దించి రెండు నిమిషాలు ఆగి, బోర్లించి వీపు మీద నీళ్లు పోస్తే చాలు. తర్వాత లోపల తడి లేకుండా తుడవండి. నాన్‌స్టిక్‌కు గానీ పోత ఇనుముకు గానీ ఈ పని చేయకండి. నాన్‌స్టిక్ అడుగు వంకరపోతుంది, పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది. వాటిని వాటంతట అవే చల్లారనివ్వాలి. రెండు గిన్నెలు పెట్టుకోమన్నది ఇందుకే. ఒకటి పొయ్యి మీద కాలుతుంటే రెండోదాంట్లో పిండి ఒత్తుకోవచ్చు, తినేవాళ్లు ఖాళీ పళ్లెంతో ఎదురుచూడక్కర్లేదు.

ఎక్కువగా జరిగే తప్పులు

గట్టిగా రావడం. అందరూ ఎక్కువగా చెప్పేది ఇదే. కారణాలు రెండు: పిండి గట్టిగా కలపడం, మూత పెట్టకుండా కాల్చడం. బియ్యప్పిండి మెత్తబడాలంటే ఆవిరి కావాలి. మొదటి అయిదు నిమిషాలు మూత తీయకండి. అయినా గట్టిగా వస్తుంటే తర్వాతి దానికి మూత పెట్టే ముందు పైన ఒక చెంచా నీళ్లు చిలకరించండి. సొరకాయ తురుము అర గ్లాసు కలిపితే ఈ బాధ దాదాపు ఉండదు. సొరకాయ వేసిన రోజు నీళ్లు పావు గ్లాసుతో మొదలుపెట్టాలి, తురుమును పిండకూడదు.

తీసేటప్పుడు ముక్కలవడం. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. నీళ్లు తక్కువైనా, పల్లీలు ఎక్కువైనా, దించగానే లాగినా విరుగుతుంది. వేడినీళ్లతో కలిపితే కాస్త పట్టు వస్తుంది. గోధుమపిండి ఒక గుప్పెడు కలపమని కొందరు చెబుతారు. విరగదు నిజమే, అడుగు కరకర మాత్రం పోతుంది. నేను కలపను.

నూనె ఓడడం. రంధ్రాల్లో చెంచాలు చెంచాలు పోసేస్తే వస్తుంది. ఒక్కోదానికి మొత్తం నాలుగు చెంచాలు దాటనివ్వకండి. అలాగని నూనె మరీ తగ్గిస్తే అంటుకుంటుంది. "డైట్‌లో ఉన్నాం, నూనె లేకుండా చేయొచ్చా?" అని అడిగేవాళ్లకు నా జవాబు: రెండు తినే చోట ఒకటి తినండి, దాన్ని సరిగ్గా చేసుకుని తినండి.

ఉల్లిగడ్డ ముక్కలు ఎక్కువ వేయడం. ఉల్లిపొరక దొరకనప్పుడు ఉల్లిగడ్డ వేసుకోవచ్చు, కానీ చిన్నది ఒకటే, చాలా సన్నగా తరగాలి. ముక్క పెద్దదైతే దాని చుట్టూ పిండి పచ్చిగానే ఉంటుంది.

ఇండక్షన్ మీద, కట్టెల పొయ్యి మీద

ఇండక్షన్ పొయ్యి మీద గుండ్రటి అడుగు పనికిరాదు. అయస్కాంతం పట్టే, బల్లపరుపు అడుగున్న మందపాటి మూకుడు తీసుకోండి. వేడి ఒక వలయంలా తగులుతుంది కాబట్టి తక్కువ వేడి మీదే పెట్టి, రెండు నిమిషాలకోసారి గిన్నెను కొద్దిగా పక్కకు జరుపుతూ ఉండాలి. కట్టెల పొయ్యి అయితే మంట తీసేసి నిప్పుల మీద పెట్టండి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేయండి. ఆ రుచి గ్యాస్ మీద రాదు, అందులో వాదన లేదు.

మార్చి చేసుకోవాలంటే

మెంతికూర ఒక గుప్పెడు వేస్తే చిరుచేదు బాగుంటుంది. మూడో వంతు జొన్నపిండి కలిపితే ఆకలి ఎక్కువసేపు ఆగుతుంది, కానీ ఇంకాస్త మెత్తగా కలపాలి. సంక్రాంతికి సకినాల పిండి మిగిలితే పారేయకండి. అందులో నువ్వులు, వాము ముందే ఉంటాయి. అది జారుగా ఉంటుంది కాబట్టి పొడి బియ్యప్పిండి చేర్చి గట్టిపరచి, కారం, ఎల్లిపాయ, నానిన పప్పు కలిపి ఇదే పద్ధతిలో కాల్చండి. ఉప్పు మాత్రం రుచి చూసి వేయండి, సకినాల పిండిలో ఇప్పటికే ఉంటుంది.

తినేటప్పుడు

అంచుకు ఏం పెట్టుకోవాలన్నది మీ ఇష్టం. నాకైతే కమ్మని వెన్న ముద్ద ముందు ఇంకేదీ నిలవదు. వేడి సర్వపిండి మీద పెడితే రంధ్రాల్లోకి కరిగి దిగుతుంది, మొదటి ముక్క అక్కడే విరుచుకోవాలి. వెన్న లేని రోజు గడ్డపెరుగు, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. వానాకాలం సాయంత్రం అయితే చాయ్ ఒక్కటే చాలు. టమాట తొక్కు, మామిడికాయ తొక్కు వేసుకునేవాళ్లు పిండిలో కారం కొంచెం తగ్గించుకోండి, లేకపోతే రెండు కారాలు కలిసి దేని రుచీ తెలియదు. పిల్లలు సాస్ అడిగితే ఇవ్వండి. నేను మాత్రం అటువైపు చూడను.

కాల్చినవి ఒకదాని మీద ఒకటి పేర్చకండి. కింది దాని ఆవిరి పై దాని అడుగును మెత్తబరుస్తుంది. వెదురు చాటలో గానీ తీగల స్టాండు మీద గానీ విడివిడిగా పెట్టండి. న్యూస్‌పేపర్ మీద పెట్టొద్దు, వేడికీ నూనెకూ అచ్చు సిరా తిండికి అంటుతుంది. కత్తితో ముక్కలు కోయడం కూడా నాకు నచ్చదు, పల్లీ ఉన్న చోట పగిలి పొడి అవుతుంది. చేత్తో విరిస్తే తన దారిన తనే విరుగుతుంది.

మిగిలితే

కలిపిన పిండి అదే రోజు వాడేయాలి, ఎండాకాలం అయితే మూడు నాలుగు గంటల్లోపే. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి దాకా ఆగుతుంది కానీ ఉల్లిపొరక నీళ్లు వదిలి జారుగా అవుతుంది. రెండు మూడు చెంచాల పొడి పిండి కలిపి ఒత్తుకోవాలి. మర్నాడు చేయాలని ముందే అనుకుంటే ఆకులూ నీళ్లూ కలపకుండా పొడి మిశ్రమం మాత్రం డబ్బాలో ఉంచుకోండి.

కాల్చింది మిగిలితే పూర్తిగా చల్లారాక మూత డబ్బాలో పెట్టండి. పొద్దున తినేటప్పుడు పెనం మీద నూనె లేకుండా, అడుగు వైపు కిందికి ఉండేలా, సిమ్‌లో మూడు నిమిషాలు వేడి చేస్తే కరకర చాలావరకు తిరిగి వస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే సాగిపోతుంది, నమలడం కష్టం. ప్రయాణానికి తీసుకెళ్లేదైతే ఉల్లిపొరక, సొరకాయ వేయకుండా, మామూలు కంటే పలచగా ఒత్తి, మూత తీశాక ఇంకో మూడు నిమిషాలు ఎక్కువ కాల్చండి. ఒక రోజు నిలవుంటుంది. గిన్నె అడుగున మాడిన పొర మిగిలిపోతే గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట నానబెట్టండి, బియ్యప్పిండి పొరలా ఊడి వస్తుంది. ఇనుప పీచుతో తోమితే కళాయి పోతుంది, మళ్లీ కళాయి వేసేవాడి కోసం ఊరంతా వెతుక్కోవాలి.